రొయ్యల గుంతల లెక్కకు ఆర్గ్ మోడ్: ఆరు పంటలు వాడాక

నాలుగో గుంతకు ప్రోబయోటిక్ (నీళ్లలో వేసే మంచి బ్యాక్టీరియా) వేయాల్సిన తేదీ దాటి ఐదు రోజులైందని నాకు కంప్యూటర్ చెప్పలేదు. రొయ్యలు ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంటే నాయనకు అనుమానం వచ్చింది. "పాపా, నాలుగో దాంట్లో ప్రోబయోటిక్ ఎప్పుడేశాం?" అని ఫోన్ చేశాడు. ఫైలు తెరిచి చూస్తే తేదీ ఉంది, పని ఉంది, రోజువారీ జాబితాలోకి మాత్రం రాలేదు. మా లెక్కలు, పనులు రాసుకునే ఆర్గ్ మోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ఇక్కడ చాలా మంచి మాటలు రాయబోతున్నాను కాబట్టి ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం. అది ఎందుకు జరిగిందో, ఎలా పట్టుకున్నానో తర్వాత చెప్తాను.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మైపాడు సముద్రానికి దగ్గర్లో నాలుగు గుంతల్లో వెనామి రకం రొయ్యలు వేస్తాం. గుంతల దగ్గర పనంతా నాయన, ఇద్దరు మనుషులు చూసుకుంటారు. మేత లెక్కలు, నీళ్ల టెస్టులు, డీజిల్ ఖర్చు, బ్యాంకు గడువులు నా పని. చెన్నైలో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి ఇంటికి వచ్చేశాను. మొదటి రెండు పంటలకు ఫోన్‌లో దొరికే ఒక ఆక్వా యాప్ వాడాం. ఒకరోజు ఆ యాప్ ఆగిపోయింది. మా మేత లెక్కలు, సీడ్ (రొయ్యపిల్లలు) వేసిన తేదీలు అన్నీ అందులోనే పోయాయి. బయటికి తీసుకునే దారి వాళ్లు పెట్టలేదు. ఇకమీదట మా లెక్క మామూలు టెక్స్ట్ ఫైల్లోనే ఉండాలని ఆ రోజే తేల్చుకున్నాను. ఆర్గ్ మోడ్ నా దగ్గరికి ఆ దారిలో వచ్చింది, 2022లో.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈమాక్స్ అనేది రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన పాత టెక్స్ట్ ఎడిటర్. మనకు కావలసినట్టు దాన్ని లోపలి నుంచే ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. ఆర్గ్ మోడ్ దాని లోపల పనిచేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడిగా పనిచేసే కార్‌స్టెన్ డొమినిక్ తన నోట్స్ సర్దుకోవడానికి 2003లో దాన్ని రాసుకున్నాడు. 2007లో వచ్చిన 22వ వెర్షన్ నుంచి ఈమాక్స్‌తో పాటే వస్తోంది. డబ్బులు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, లాగిన్ అడగదు. ముందు నక్షత్రం గుర్తు (*) పెడితే అది శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. శీర్షిక ముందు టుడూ అని రాస్తే అది చేయాల్సిన పని. కింద తేదీ పెడితే ఆ రోజు అజెండాలో, అంటే రోజువారీ పనుల జాబితాలో కనిపిస్తుంది. ఫైలు మాత్రం ఎక్కడైనా, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరిచి చదువుకోవచ్చు.

ఈ చివరి మాట విలువ నాకు 2023 డిసెంబరులో తెలిసింది. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నుంచే మాకు కుండపోత. కరెంటు లేదు, నెట్ లేదు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ జనరేటర్ మీద. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అదే ఫైలు ఫోన్‌లో ఉంది కాబట్టి ఏ గుంతలో ఉప్పుశాతం నిన్న ఎంతుందో, ఎన్ని బస్తాల సున్నం మిగిలిందో అక్కడే చూసుకున్నాం.

ఇక నాకు కావలసినట్టు మార్చుకున్న సంగతులు. అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది మళ్లీ మళ్లీ వచ్చే పనులకు తేదీ పెట్టే పద్ధతి. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడానికి నాకు ఒక పంటంతా పట్టింది. తేదీ పక్కన రిపీటర్ అని ఒక గుర్తు రాస్తాం, దానికి మూడు రకాలు. ఒట్టి ప్లస్ పెడితే పని అయిందని కొట్టినప్పుడు పాత తేదీ నుంచి సరిగ్గా ఒక విడత ముందుకు జరుగుతుంది, ఇవాళ్టి తేదీతో దానికి పనిలేదు. రెండు ప్లస్‌లు పెడితే ఇవాళ దాటి వచ్చేదాకా జరుగుతుంది, వారంలో ఏ రోజన్నది మాత్రం మారదు. చుక్క, ప్లస్ కలిపి పెడితే పని నిజంగా ఎప్పుడు చేశామో ఆ రోజు నుంచి లెక్క.

మొదట్లో నేను అన్నింటికీ ఒట్టి ప్లస్సే పెట్టాను. కావలిలో చిన్నాన్న కూతురి పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు ఆగి వచ్చాను. రోజూ చేసే పని ఒకటి అయిందని కొడితే అది నిన్నటికి కూడా రాలేదు, ఇంకా మూడు రోజుల వెనకే ఉంది. ఇప్పుడు ఇలా పెట్టుకున్నాను. బ్యాంకు వాయిదాకు ఒట్టి ప్లస్, నెలకొకసారి, ఎందుకంటే మనం ఆలస్యం చేశామని బ్యాంకు తేదీ మారదు. ల్యాబ్‌కు నీళ్లు పంపడానికి రెండు ప్లస్‌లు, వారానికొకసారి, ఎప్పుడు పంపినా తర్వాతది సోమవారమే రావాలి కాబట్టి. ప్రోబయోటిక్‌కు చుక్క ప్లస్, ఏడు రోజులు. వానొచ్చి రెండు రోజులు ఆలస్యంగా వేస్తే తర్వాతది అక్కడి నుంచే లెక్కపెట్టాలి. ఈ ఒక్క తేడా మనసుకు పట్టించుకుంటే ఆర్గ్ మోడ్ సగం వచ్చినట్టే.

గడువు తేదీల విషయంలో ఇంకో మాట. డెడ్‌లైన్ అని పెట్టిన ప్రతిదాన్నీ అది 14 రోజుల ముందు నుంచే రోజూ చూపిస్తుంది. కరెంటు బిల్లు కోసం రెండు వారాలు హెచ్చరికలు చూస్తుంటే ఉత్త టెన్షన్. ఆ తేదీ లోపలే చివర మైనస్ మూడు రోజులు అని రాస్తే మూడు రోజుల ముందు మాత్రమే చెప్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి అన్నింటికీ మార్చొద్దు. పంటరుణం రెన్యువల్ లాంటి వాటికి ఆ 14 రోజులూ కావాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది. రొయ్యలు పెంచేవాళ్లందరూ అమావాస్య, పౌర్ణమి చూసుకుంటారు. ఆ రోజుల్లో ఎక్కువగా మోల్టింగ్ జరుగుతుంది, పెంకు వదులుతాయి, మేత తగ్గించాలి, మినరల్స్ పడాలి, రాత్రి ఏరియేటర్ ఆగకూడదు. ఈమాక్స్ క్యాలెండర్‌లో చంద్రుడి దశలు లెక్కగట్టే ఫంక్షన్ ముందే ఉంది, పేరు డైరీ లూనార్ ఫేజెస్. రెండు పర్సెంట్ గుర్తులు పెట్టి, బ్రాకెట్లో ఆ పేరు ఆర్గ్ ఫైల్లో ఒక లైనుగా రాస్తే చాలు, ఆ రోజు అజెండాలో తనంతట తానే కనిపిస్తుంది. దశల పేర్లు మార్చుకునే సెట్టింగు కూడా ఉంది. న్యూ మూన్ అని ఉన్న చోట అమావాస్య అని, ఫుల్ మూన్ అని ఉన్న చోట పౌర్ణమి అని తెలుగులోనే పెట్టాను. మొదటిసారి అజెండాలో ఏరియేటర్ సర్వీసు కింద "పౌర్ణమి" అని, పక్కన సమయంతో సహా కనిపించినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నాయనకు చూపించాను.

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, "ఇది ఒకరోజు లేటుగా చూపిస్తోంది పాపా" అన్నాడు.

నిజమే. గోడ మీద పౌర్ణమి గురువారం, ఈమాక్స్‌లో శుక్రవారం. ముందు టైమ్ జోన్ అనుమానించాను. లినక్స్ కొత్తగా వేసినప్పుడు అది యూటీసీలో ఉండిపోయింది, అంటే మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక. క్యాలెండర్ టైమ్ జోన్ 330 నిమిషాలకు మార్చాను. సమయం సరైంది, తేదీ మాత్రం శుక్రవారమే. అప్పుడు పంచాంగం తీసి కూర్చున్నాను. ఈమాక్స్ చెప్పేది చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే క్షణం. పౌర్ణమి తిథి ముగిసేది ఆ క్షణంలోనే. ఆ క్షణం శుక్రవారం సూర్యోదయానికి కాస్త ముందు, ఐదూముప్పావుకు వస్తే, తిథి నడిచింది గురువారమంతా. గోడ క్యాలెండర్ గురువారం అనే వేస్తుంది. అదే క్షణం సాయంత్రం నాలుగింటికి వస్తే రెండూ ఒకే రోజు చూపిస్తాయి. తప్పు ఎవరిదీ కాదు. సూర్యోదయానికి ముందు సమయం పడిన రోజుల్లో ఒకరోజు వెనక్కి చూసుకోమని అజెండా ఫైల్లోనే పైన రాసి పెట్టుకున్నాను. నాయన తన గోడ క్యాలెండర్ మానలేదు, నేను మానమనలేదు.

ఆ లైను విషయంలో ఇంకో జాగ్రత్త. పర్సెంట్ గుర్తులు లైను మొదట్లోనే ఉండాలి, ముందు ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. నేను ఒకసారి ఫైలంతా ఎంచుకుని శీర్షికల కింద వరుసగా సర్దితే ఆ లైను రెండు అక్షరాలు లోపలికి జరిగింది. ఆ నెల అమావాస్య అజెండాలో రానేలేదు.

పట్టికలు బాగుంటాయి. మేత రోజువారీ కిలోలు రాస్తూ పోతే కింద మొత్తం అదే కూడుతుంది. సీడ్ వేసిన తేదీ, ఇవాళ్టి తేదీ రెండు గడుల్లో ఉంటే ఒకదాని నుంచి ఒకటి తీసేసి పంట వయసు రోజుల్లో చెప్తుంది. పోయిన పంటలో రెండో గుంతలో లక్ష సీడ్ వేశాం. 40 కౌంట్‌కు, అంటే కిలోకు 40 రొయ్యలు తూగేటప్పుడు, 2,000 కిలోలు పట్టాం. మేత 2,600 కిలోలు. అంటే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు పట్టిన మేత) 1.3, బతికింది ఎనభై శాతం. ఈ రెండు లెక్కలూ పట్టుబడి రోజు కాటా దగ్గర నిలబడే చూసుకున్నాం. అయితే గడుల్లో అంకెల మధ్య కామాలు పెట్టకండి. మనం అలవాటుగా 1,25,000 అని రాస్తాం, లెక్క కట్టే భాగానికి కామా అంటే వేరే అర్థం, గడిలో ఎర్రర్ అని పడుతుంది. 125000 అనే రాయాలి. సూత్రం ఎక్కడ తప్పిందో తెలియకపోతే ఫార్ములా డీబగ్గర్ ఆన్ చేయండి. కంట్రోల్ సి కొట్టి, మీసాల బ్రాకెట్ కొడితే వస్తుంది. ఏ గడి నుంచి ఏ విలువ తీసుకుందో అంచెలంచెలుగా చూపిస్తుంది. చెన్నైలో పెద్ద పెద్ద డబ్బులు కట్టి కొన్న టూల్స్‌లో ఇంత వివరంగా చూడలేదు.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పాలి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఈమాక్స్ అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టాక ఒత్తులు, గుణింతాలు చక్కగా పడుతున్నాయి. అంతకన్నా పాతది వాడుతుంటే ముందు అది మార్చండి. ఫాంట్ మాత్రం మనమే చెప్పాలి. లేకపోతే దొరికినదేదో తెచ్చి పెడుతుంది, లైన్లు ఎత్తుపల్లాలుగా కనిపిస్తాయి. ఫాంట్‌సెట్‌లో తెలుగు లిపికి నోటో సాన్స్ తెలుగు అని ఒక్క లైను రాశాను. టైపింగ్‌కు తెలుగు ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ రెండూ ఈమాక్స్‌లోనే ఉన్నాయి, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తెలుగు శీర్షికలున్న పట్టికల్లో నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి రావు, ఎందుకంటే మన అక్షరాలన్నీ ఒకే వెడల్పు కాదు. వీఅలైన్ అనే ప్యాకేజీ వేస్తే గీతలు సరిగ్గా నిలుస్తాయి. నా పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక తెరిస్తే దానితో నెమ్మదిస్తుంది, అందుకే నెలకొక పట్టికగా విడగొట్టుకున్నాను.

ఫోన్‌లో ఆర్గ్ ఫైళ్లు తెరిచే ఆర్గ్‌జ్లీ యాప్, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఫైళ్లు మార్చడానికి సింక్‌థింగ్ వాడతాను. ఈ జోడీ మంచిదే గానీ రెండుసార్లు తల తిప్పింది. ఒక ఉదయం అజెండాలో ప్రతి పనీ రెండేసి సార్లు కనిపించింది. ముందు రోజు ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ నెట్ లేనప్పుడు ఒకే ఫైలు మార్చాను. సింక్‌థింగ్ ఏదీ పోగొట్టకుండా సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని పేరు పెట్టి రెండో ఫైలు పక్కన దాచింది. దాని చివర కూడా ఆర్గ్ అనే ఉంటుంది. అజెండాకు నేను ఫోల్డర్ మొత్తం ఇచ్చాను కాబట్టి అది రెండూ చదివింది. ఈమాక్స్‌లో తేడాలు చూపించే ఈడిఫ్‌లో రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట కావలసినది ఉంచుకుని, రెండోది తీసేశాను. గ్లోబల్ ఆటో రివర్ట్ ఆన్ చేశాక ఈ గొడవ చాలా తగ్గింది. ఫోన్‌లో మారినది ఈమాక్స్ వెంటనే చదువుకుంటుంది.

ఇక మొదట చెప్పిన నాలుగో గుంత సంగతి. ఆ రోజు చాలాసేపు సెట్టింగుల్లోనే వెతికాను. టెస్టింగ్‌లో నేర్చుకున్న మొదటి పాఠం గుర్తుకొచ్చి ఈమాక్స్‌ను క్యాపిటల్ క్యూ ఆప్షన్‌తో మొదలుపెట్టాను. అలా మొదలుపెడితే మనం చేసిన మార్పులేవీ లేకుండా వస్తుంది. అందులోనూ ఆ పని కనిపించలేదు. అంటే నా సెట్టింగుల తప్పు కాదు, ఫైల్లోనే ఏదో ఉంది. ఆల్ట్ ఎక్స్ కొట్టి ఆర్గ్ లింట్ అన్నాను. అది ఫైలంతా చదివి తప్పులు వరుసగా చెప్పే కమాండ్. ఒకే ఒక్క లైను వచ్చింది, తేదీ ఉండాల్సిన చోట లేదని.

వెళ్లి చూశాను. శీర్షిక కింద వెంటనే తేదీ లైను ఉండాలి, ఆ తర్వాతే ప్రాపర్టీలు, ఆ తర్వాతే మన రాత. నేను ఒకరోజు ఫోన్‌లో ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచి, తొందరలో శీర్షికకూ తేదీకీ మధ్య "బెల్లం కలిపి వేయాలి" అని ఒక లైను రాశాను. అంతే, ఆ తేదీ ఆర్గ్ లెక్కలో ఆ పనికి పెట్టిన తేదీ కాకుండా పోయింది. ఎర్రర్ రాలేదు, రంగు కూడా పెద్దగా మారలేదు, తేదీ దాటాక పని మాత్రం జాబితాలోంచి మాయమైంది. ఐదు రోజులు. ఆ గుంత తేరుకుంది, పెద్ద నష్టం కాలేదు. కానీ ఇలాంటి తప్పును అజెండా తనంతట తాను చెప్పాలి. ఆర్గ్ మోడ్ మీద నాకున్న నిజమైన ఫిర్యాదు ఇదొక్కటే. ఇప్పుడు వారానికొకసారి ఆర్గ్ లింట్ నడపడం కూడా ఒక పనిగా, చుక్క ప్లస్ ఏడు రోజులతో పెట్టుకున్నాను.

వెర్షన్ల గొడవ గురించి కూడా హెచ్చరించాలి. ఈమాక్స్‌తో వచ్చిన ఆర్గ్ ఒకటి ఉండగా, ప్యాకేజీల్లోంచి కొత్తది తెచ్చుకున్నాను. పాతది ముందే లోడ్ అయ్యాక కొత్తది వచ్చి కలిస్తే రెండూ సగం సగం కలిసిపోతాయి, వెర్షన్ మిస్‌మ్యాచ్ అని వస్తుంది. నాకది మూడో గుంత పట్టుబడి తెల్లవారుజామున వచ్చింది. ఐసు వ్యాను వచ్చేసింది, అజెండా తెరుచుకోదు. అప్పుడు చేసింది ఒకటే, ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచి కావలసినవి చదువుకున్నాను, పట్టుబడి ఆగలేదు. మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని కొత్త ప్యాకేజీ ఫోల్డర్ తీసేసి, ఈమాక్స్‌తో వచ్చిన దానికే తిరిగి వచ్చాను. మా పనికి అది చాలు. మీ సెట్టింగుల ఫైలు వల్లే తేడా అనిపిస్తే అందులో సగం కామెంట్‌లో పెట్టి చూడండి, బాగైతే తప్పు ఆ సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చేయండి. రెండు వందల లైన్లున్నా ఏడెనిమిది సార్లలో దొరికిపోతుంది. ఫైలు పైన ఉండే సెట్టింగు లైన్లు మారిస్తే మాత్రం అక్కడే కంట్రోల్ సి రెండుసార్లు కొట్టాలి, లేకపోతే మార్పు పట్టదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఎవరికి పనికొస్తుందంటే, కీబోర్డు మీద కూర్చుని నెలరోజులు ఓపికగా నేర్చుకునేవాళ్లకు. ఫోన్ ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లకు నేను చెప్పను. మా నాయనకైతే తెర మీద ఏదీ వద్దు, కాగితం కావాలి. పీడీఎఫ్ తీయబోతే మామూలుగా ఉన్న పీడీఎఫ్‌లాటెక్‌కు తెలుగు అక్షరాలు పట్టవు, జీలాటెక్‌కు మార్చాలి. నేను అంత దూరం పోకుండా ఓడీటీగా తీసి, లిబ్రే ఆఫీస్‌లో తెరిచి ప్రింట్ ఇస్తాను. ప్రతి సోమవారం ఆ కాగితం మోటారు షెడ్డు గోడకు అంటిస్తాను. నాయన ఎర్ర పెన్నుతో టిక్కులు పెడతాడు, పక్కన ఉప్పుశాతం రాస్తాడు. సాయంత్రం దాన్ని ఫోటో తీసి తెచ్చుకుని ఫైల్లో ఎక్కిస్తున్నాను. రేపు ఒకటో గుంతలో సీడ్ వేస్తున్నాం. ఆర్గ్‌లో ఏడో పంట శీర్షిక ఇవాళ పొద్దున్నే రాసి పెట్టాను.